మబ్బుకు వల వేస్తే తప్పేముంది?

పోయిన నెల్లో ఒక సాయంత్రం. నేను మిషను మీద జాకెట్టు కుడుతున్నాను. మా చిన్నది బడి నుంచి వచ్చింది. రోజూ గడపలోంచే "అమ్మా, ఆకలి" అని అరిచే పిల్ల ఆ రోజు నోరు మెదపలేదు. బ్యాగులోంచి తెలుగు నోటుబుక్కు తీసి, మంచం కింద ఉన్న రేకు పెట్టెలో పడేసి, మూత గట్టిగా వేసింది. ఆ చప్పుడుకే అర్థమైంది, ఏదో జరిగిందని.

"ఏమైంది అమ్మీ?" అన్నాను.

"ఏం కాలేదు."

రెండుసార్లు అడిగితే చెప్పింది. ఏడో తరగతి పిల్లలకు 'మా ఊరు' అని వ్యాసం రాయమన్నారట. ఇది రాసింది. పదికి రెండు మార్కులు వేసి, కింద ఎర్ర సిరాతో 'ఇది వ్యాసం కాదు. ఊహలు వద్దు. ఉన్నది రాయి' అని రాసిచ్చారట.

నేనేం చేశానో తెలుసా? టీచరు పక్షమే తీసుకున్నాను. "సరిగ్గానే చెప్పినారు. గార్లదిన్నె గురించి రాయమంటే ఊరి గురించి రాయాల గానీ, కథలు అల్లుతారా ఎవరైనా? రేపు పదో తరగతిలో ఇట్లే రాస్తే ఎవరిస్తారు మార్కులు?" అన్నాను. పిల్ల మారు మాట్లాడకుండా బొరుగులు తిని, అవ్వ పక్కన పడుకుంది.

రాత్రి అందరూ నిద్రపోయాక మనసు ఆగలేదు. పెట్టె తీసి ఆ నోటుబుక్కు చదివాను.

కథ ఇదీ. 2100వ సంవత్సరం. గార్లదిన్నె ఆడవాళ్లంతా పాత చీరలు ఒకదానికొకటి కుట్టి పెద్ద వల చేశారు. దానికి ఒక కొస పెనకచెర్ల డ్యాం గట్టుకు, ఇంకో కొస మా రైల్వేస్టేషను సిగ్నలు స్తంభానికి కట్టారు. కర్ణాటక వైపు నుంచి వచ్చి, మనల్ని పలకరించకుండా వెళ్లిపోయే మబ్బులన్నీ ఆ వలలో పడుతున్నాయి. పడిన మబ్బులను రేషను కార్డు మీద ఇస్తున్నారు. ఇంటికి నెలకు ఒక మబ్బు. మగవాళ్లు బిందెలు పట్టుకుని వరసలో నిలబడి "నాకు ఇచ్చిన మబ్బు పలచగా ఉంది" అని కొట్లాడుకుంటున్నారు. ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని టీ తాగుతూ ఆ కొట్లాట చూస్తున్నారు.

చదువుతుంటే నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే పదకొండేళ్ల వయసులో నేనూ ఇలాంటివే రాసుకున్నాను. అవి ఎక్కడ పోయాయో కూడా నాకు తెలీదు.

బోరింగు దగ్గర చందమామ

మా ఊరు తెలియని వాళ్ల కోసం చెప్తాను. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, గుత్తి దాటి అనంతపురం చేరేలోపు వస్తుంది గార్లదిన్నె. మా మండలంలోనే పెన్న మీద డ్యాం ఉంది, అందులోకి తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు వస్తాయి. అయినా సరే, మా జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లే. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదే కురిసేసి, ఉత్త చేతులతో మా దగ్గరికి వస్తాయి. ఈశాన్య మబ్బులు కోస్తాలో కురిసి, మిగిలితే మాకు. శెనక్కాయ విత్తనం వేసి ఆకాశం వైపు చూడటం మా ప్రాంతంలో సేద్యంలో సగం పని.

నా చిన్నతనంలో బోరింగు దగ్గర బిందెల వరస ఉండేది. నా బిందె వంతు వచ్చేలోపు గంట పట్టేది, ఒక్కోసారి రెండు గంటలు. ఆ గంటలోనే నేను చందమామ చదువుకున్నాను. ఒకరింట్లోంచి ఒకరింటికి తిరిగి అట్ట ఊడిపోయిన పాత సంచికలు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాని బాధ్యత చూశారు. రాక్షసులు, మాంత్రికులు, ఎగిరే గుర్రాలు వచ్చే దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, శంకర్ గీసిన బేతాళుడి బొమ్మలు... శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడిని చూస్తూ ఉంటే బిందె నిండి నీళ్లు కారిపోతున్నా తెలిసేది కాదు. వెనక ఉన్న పెద్దమ్మ తిట్టేది.

బేతాళ కథలో నాకు దెయ్యం కన్నా ప్రశ్న ఎక్కువ నచ్చేది. కథంతా చెప్పి చివర్లో "ఇందులో తప్పెవరిది?" అని అడుగుతాడు కదా! రాజు జవాబు పేజీ తిప్పకముందే నేను నా జవాబు అనుకునేదాన్ని. ఇంట్లో ఎవరూ ఆడపిల్లను "నీ అభిప్రాయం ఏమిటి?" అని అడగని రోజుల్లో, నన్ను అడిగిన మొదటి మనిషి ఆ బేతాళుడే!

ఆ ఊపులోనే లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో కథలు రాశాను. ఒక కథలో బోరింగు కొడితే పాలు వస్తాయి. ఇంకో కథలో మా నాయన అప్పుల కాగితాలు చెదలు తినేసి, ఆ చెదల పుట్ట లోపల బంగారం ఉంటుంది. మా అమ్మ చూసి "దీపం నూనె దండగ" అంది. తిట్టలేదు, కొట్టలేదు. అంతే అంది. అంతటితో మానేశాను. మొన్న సాయంత్రం నా కూతురితో నేను అన్నది కూడా అదే మాట కదా? నూనెకు బదులు మార్కులు అన్నాను, అంతే తేడా.

అమ్మ కార్డు బలం ఎంత?

పెట్టెలో నోటుబుక్కు కింద ఇంకోటి దొరికింది. పెళ్లి శుభలేఖల అట్టలు కత్తిరించి చేసిన కార్డులు, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. లెక్కపెడితే 32.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. మా పెద్దోడు తొమ్మిదో తరగతి. వాడికి పొకేమాన్ కార్డుల పిచ్చి. అనంతపురం పోయినప్పుడల్లా ఒక ప్యాకెట్టు కొనిపించుకుంటాడు. మన చిన్నప్పుడు మగపిల్లలు కుస్తీవీరుల కార్డులు, క్రికెట్ కార్డులు పెట్టుకుని 'నీదెంత, నాదెంత' అని ఆడలేదూ, దాని తమ్ముడు ఇది. కాకపోతే కాస్త తెలివైన తమ్ముడు. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే లెక్కల పండితుడు 'మ్యాజిక్' అనే ఆట తయారుచేశాడు. పేకాటలో అందరికీ ఒకటే కట్ట కదా, ఇందులో ఎవరి కట్ట వాళ్లదే. నీ దగ్గరున్న కార్డుల్లో ఏవి ఎంచుకుంటావు, ఏది దేని పక్కన పెడతావు అన్నదే తెలివి. నచ్చని కార్డు స్నేహితుడికిచ్చి, కావలసింది మార్చుకోవచ్చు. 1996లో జపానులో పొకేమాన్ కార్డులు వచ్చాక ఆ ఆట ప్రపంచమంతా పిల్లల జేబుల్లోకి వెళ్లింది.

ఇది పూర్తిగా పరాయి సరుకని కూడా అనలేం. మన నిర్మల్ చిత్రకారులు గుండ్రటి గంజీఫా కార్డుల మీద రంగులతో బొమ్మలు వేసేవారు. దశావతారాల గంజీఫాలో 120 కార్డులు. అంటే కథను చేతిలో పట్టుకుని ఆడటం మన వాళ్లకీ తెలుసు.

మా పెద్దోడు చెల్లెల్ని తన కార్డులు ముట్టుకోనివ్వడు. "ఆడపిల్లలకు ఈ ఆట రాదు" అంటాడు. నేను విని ఊరుకున్నాను, పిల్లల తగాదా అనుకున్నాను. అది మాత్రం ఊరుకోలేదు. సొంతంగా చేసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం "నాకూ ఆట నేర్పు" అని కూర్చున్నాను. ముందు అనుమానంగా చూసింది. తర్వాత చాప మీద కార్డులన్నీ పరిచింది. పెన్న, మబ్బు, బోరు, వేపచెట్టు, శెనక్కాయ, ట్యాంకరు, వడ్డీ, అవ్వ, బెంగుళూరు బస్సు... ఒక్కోదాని మీద పెన్సిలు బొమ్మ, కింద బలం అంకె. "అయిదు కార్డులు ఏరుకో" అంది.

నేను తెలివిగా పెద్ద అంకెలు ఏరాను. బోరుకు 90, ట్యాంకరుకు 80, వడ్డీకి 85. పిల్ల వేపచెట్టు తీసుకుంది, దాని బలం 20. అవ్వను తీసుకుంది, 15. నాకు నవ్వొచ్చింది. పది నిమిషాల్లో నేనే ఓడిపోయాను.

"బోరు మొదటిసారి వేస్తే తొంభై అమ్మా. రెండోసారి అరవై. మూడోసారి సున్నా. వేపచెట్టు ఇరవయ్యే, కానీ అది ఎప్పటికీ తగ్గదు. అవ్వ కార్డు ఉంటే చచ్చిపోయిన కార్డును లేపొచ్చు, అవ్వకు పాత బావి యాడ ఉందో తెలుసు కాబట్టి."

ఆ మాట విని నోరు తెరిచాను. మా మామగారు మూడు బోర్లు వేయించి ఎండబెట్టుకున్న సంగతి, ఆ అప్పు తీర్చడానికి మా ఆయన రెండేళ్లు బెంగుళూరులో వాచ్‌మెన్ పని చేసిన సంగతి ఈ పిల్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఎప్పుడు విందో, ఎప్పుడు లెక్క వేసుకుందో! 'ఉన్నది రాయి' అన్నారు కదా టీచరు. ఉన్నదంతా ఆ అట్టముక్కల మీదే ఉంది.

అప్పుడు చూశాను, చాప మూల ఇంకో కార్డు. మిషను ముందు కూర్చున్న ఆడమనిషి బొమ్మ. 'అమ్మ'. బలం 40.

"నలభై అంటే నయమే" అన్నాను, మురిసిపోతూ.

"అది ఒంటిగా ఆడకూడదమ్మా. వేరే కార్డు పక్కన పెడితే, దాని బలం రెండింతలవుతుంది. ఒక్కటే పెడితే సున్నా."

"ఎందుకు అట్ల పెట్టినావు?"

"నువ్వు అట్లే కదా" అంది, మామూలుగా.

అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. చూసింది, రాసింది. నేను లేచి వంటింట్లోకి పోయి, స్టవ్వు మీద ఏమీ లేకపోయినా కాసేపు అక్కడే నిలబడ్డాను.

లడ్డూ చేసే పిల్ల, ఎగిరే పిల్ల

పిల్ల నన్ను చూసి నేర్చుకుంది, నిజమే. కానీ నన్నొక్కదాన్నే చూసిందా? టీవీలో, ఫోనులో బొమ్మల సినిమాలు చూస్తోంది కదా. ఆ వారమంతా దాని పక్కన కూర్చుని నేనూ చూశాను.

ఛోటా భీమ్ మన హైదరాబాదులో తయారైంది. 2008 నుంచి మన ఇళ్లల్లో ఉన్నాడు. మంచివాడు, ధైర్యవంతుడు, ఆ బొమ్మలు గీసిన మన వాళ్ల పనితనం గొప్పదే. కానీ చుట్కీని చూడండి. తెలివైన పిల్ల, అవసరమైతే పోరాడుతుంది కూడా. అయినా మనకు గుర్తుండేది ఏమిటి? లడ్డూలు. ఆ లడ్డూ తింటే భీముడికి బలం వస్తుంది. ఆ లడ్డూ తానే తిని, తానే కొండను ఎత్తాలని చుట్కీకి ఎందుకు తోచదు? మా అమ్మాయి చేసిన 'అమ్మ' కార్డు అచ్చం అదే. పక్కవాడి బలం పెంచడానికే తప్ప, తనకంటూ సున్నా!

అన్నీ అలాంటివే అనను. 2006లో తెలుగులో వచ్చిన 'కిట్టు' అనే కోతిపిల్ల సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది. మనకూ ఈ పని చేతనవునని చెప్పిన సినిమా అది. 2025లో 'మహావతార్ నరసింహ' చూడటానికి మా వీధి వీధంతా అనంతపురం వెళ్లింది. స్తంభం బద్దలైనప్పుడు పిల్లలూ పెద్దలూ ఒక్కసారే కేకలు పెట్టారు. నేనూ పెట్టాను. ఇంటికి వచ్చాక మా చిన్నది అడిగిన ప్రశ్న ఒకటే: "ప్రహ్లాదుడి వాళ్లమ్మకు అన్ని కష్టాలు వచ్చినాయి కదా, ఆమె కథ వేరే సినిమా తీయరా?"

బయటి సినిమాల్లో 2019లో తెలుగు మాటలతో వచ్చిన 'ఫ్రోజెన్ 2' మా ఇంట్లో ఎన్నిసార్లు ఆడిందో లెక్క లేదు. మంచును శాసించే రాణికి నిత్యామీనన్ గొంతు ఇచ్చింది. పెళ్లికొడుకు కోసం ఎదురుచూడని రాజకుమారిని మన భాషలో విన్నాం, సంతోషం. నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చింది జపాను వాళ్ల 'స్పిరిటెడ్ అవే'. 2001లో మియజాకి తీసిన సినిమా. అందులో పదేళ్ల పిల్ల, అందగత్తె కాదు, రాజకుమారి కాదు. భయపడుతుంది, ఏడుస్తుంది. అయినా పందులుగా మారిపోయిన అమ్మానాన్నలను తానే విడిపించుకుంటుంది. దేవతలు స్నానానికి వచ్చే సత్రంలో కూలి పని చేసి మరీ! అందులో నది కూడా ఒక దేవుడే. చెత్తంతా మింగి మురికిపట్టిన ఆ నదిని ఆ పిల్లే కడుగుతుంది. మా పెన్నను తలచుకుని మా అమ్మాయి ఆ సన్నివేశం నాలుగుసార్లు చూసింది. ఆ వారమే దాని కట్టలో పెన్న కార్డు బలం పెరిగింది.

చీరల వల లాంటి కథ ఇంతకుముందే ఉంది

ఈ సినిమాలు చూస్తుంటే నాకు డిగ్రీలో మా లెక్చరరు చెప్పిన కథ ఒకటి గుర్తొచ్చింది. వెతికి మళ్లీ చదివాను. 1905లో రొకేయా సఖావత్ హుస్సేన్ అనే బెంగాలీ ముస్లిం ఆవిడ ఇంగ్లీషులో రాసిన 'సుల్తానా కల'. అప్పటికి ఆమెకు పాతికేళ్లు.

సుల్తానా కుర్చీలో కునికిపాటు పడుతూ ఒక వింత దేశంలోకి వెళ్తుంది. అక్కడ ఆడవాళ్లు నిర్భయంగా వీధుల్లో తిరుగుతారు, మగవాళ్లు పరదాల చాటున ఇళ్లలో ఉంటారు. వంటింట్లో పొగ లేదు, ఎండ వేడితోనే వంట. ఆడవాళ్ల విశ్వవిద్యాలయం వాళ్లు గొట్టాలున్న పెద్ద బెలూను తయారుచేసి, మబ్బుల దగ్గరికి పంపి, కావలసినన్ని నీళ్లు నేరుగా లాగేసుకుంటారు. అందుకని ఆ దేశంలో కరువూ లేదు, వరదా లేదు!

చదువుతూ ఇక్కడ ఆగిపోయాను. పాత చీరల వలకూ ఈ బెలూనుకూ తేడా ఎంత? 1905లో బెంగాలులో రాసిన ఆవిడ పేరు కూడా వినని మా పిల్లకు, గార్లదిన్నెలో అదే ఆలోచన వచ్చింది. నీళ్లు మోసే ఆడదాని కూతురికి ఇంకే ఆలోచన వస్తుంది చెప్పండి?

ఇంకో సంగతి తెలిసి ఒళ్లు పులకరించింది. ఈ కథను అచ్చు వేసింది మద్రాసు నుంచి వచ్చిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'. దాన్ని 1901లో మొదలుపెట్టి నడిపిన సంపాదకురాలు కమలా సత్తియనాథన్. ఆమె రాజమండ్రిలో పుట్టిన తెలుగు ఆడపడుచు! 'ఇది కథ కాదు, ఉన్నది రాయి' అని ఆమె ఎర్ర సిరాతో కొట్టేసి ఉంటే? కొట్టేయలేదు కాబట్టే 2024లో యునెస్కో వాళ్ల ఆసియా పసిఫిక్ స్మృతి జాబితాలో ఈ కథ చేరింది. 2012లో ఢిల్లీలో ఈ పుస్తకం ఇసబెల్ హెర్గెరా అనే స్పెయిన్ దర్శకురాలి కంట పడితే, 2023కల్లా ఆమె దీన్ని బొమ్మల సినిమా తీసింది. అందులో ఆడవాళ్ల దేశం కథ చెప్పే భాగానికి మన గోరింటాకు ముగ్గుల తీరులో బొమ్మలు వేశారు. గోరింటాకు పెట్టుకున్న చెయ్యి పనికిరాదని, అన్నం కూడా ఇంకొకరు తినిపించాలని అంటాం. ఆ గోరింటాకు గీతలే ఒక దేశాన్ని కట్టాయి చూశారా!

రొకేయాకు ఇంగ్లీషు ఎలా వచ్చింది? ఇంట్లో ఆడపిల్లలకు ఆ చదువు లేదు. రాత్రి అందరూ పడుకున్నాక వాళ్లన్న దీపం పెట్టుకుని నేర్పాడు. మన తెలుగులో 1902లోనే 'ధనత్రయోదశి' కథ రాసిన భండారు అచ్చమాంబ బడికి పోలేదు. ఆమె కూడా తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. ఈ రెండు సంగతులూ మా పెద్దోడిని కూర్చోబెట్టి చెప్పాను. "నువ్వు కార్డులు దాచిపెట్టే అన్నవా, దీపం పట్టే అన్నవా?" అని అడిగాను. వాడు తల గోక్కున్నాడు.

కలలు కడుపు నింపుతాయా?

మీలో కొందరు అనుకుంటూ ఉంటారు, 'ఇవన్నీ చెప్పడానికి బాగుంటాయమ్మా, కలలు కడుపు నింపుతాయా?' అని. న్యాయమైన మాటే. మా అత్తగారూ అదే అడిగింది.

నేను ఆమెకు గుర్తుచేసింది ఇదీ. 2003 తర్వాత కొన్నేళ్లు మన అనంతపురం మీద విమానాలు తిరగలేదా? మేఘమథనం అని పేరు పెట్టి, మబ్బుల్లో మందు చల్లి వాన కురిపించాలని ప్రభుత్వమే ప్రయత్నం చేసింది. ఎంత కురిసింది, ఖర్చు ఎంత అన్న దాని మీద బోలెడు వాదనలు జరిగాయి, అది వేరే సంగతి. కానీ మబ్బు దగ్గరికి వెళ్లి నీళ్లు అడగడం అనే ఆలోచన 1905లో ఒక గృహిణి రాస్తే కల, 2003లో అధికారులు చేస్తే పథకం! ఎండ సంగతీ అంతే. మమ్మల్ని మాడ్చే ఎండ తప్ప ఇంకేమీ లేదనుకున్న ఎన్.పి.కుంటలో 2016 నుంచి ఆ ఎండతోనే కరెంటు తీస్తున్నారు. ఎండను పోగు చేసుకోవచ్చని రొకేయా కథలోని ఆడవాళ్లు ఎప్పుడో చెప్పారు. ముందు ఎవరో ఒకరు 'ఇలా ఉంటే?' అనుకోవాలి. తర్వాతే ఇంజనీర్లు వస్తారు. ఆ అనుకునే వాళ్లలో బిందె మోసే ఆడపిల్ల ఎందుకు ఉండకూడదు? నీళ్ల బరువు ఆమె కన్నా ఎవరికి తెలుసు?

అలాగని పిల్లలు ఏం చూసినా, ఏం కొన్నా సరే అనడం లేదు. ఆ కార్డుల ప్యాకెట్టులో ఏమొస్తుందో విప్పేదాకా తెలీదు. అరుదైన కార్డు వస్తుందేమో అన్న ఆశతో ఇంకోటి, ఇంకోటి కొంటూనే ఉంటారు. లాటరీ టికెట్టు గీరే అలవాటుకు అది చుట్టమే. మా పెద్దోడికి నెలకు ఒక్కటే అని లెక్క పెట్టాను. ఫోనులో బొమ్మల సినిమా కూడా, ఒకటి అయ్యాక ఇంకోటి దానంతట అది మొదలైపోతుంటే అన్నం ప్లేటు ఎండిపోతుంది. చూడటం వేరు, చూస్తూ ఉండిపోవడం వేరు. నేను పెట్టుకున్న గుర్తు ఒకటే. సినిమా అయ్యాక పిల్ల ప్రశ్న అడిగితే అది మంచి సినిమా. ఇంకోటి పెట్టమని ఏడిస్తే కాదు.

ఇక బడి. టీచరును కలిశాను. కోపంగా వెళ్లలేదు, ఆమె కూడా నాలాంటి ఆడదే. తరగతిలో నలభై మంది. "పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోతాయనే నా భయం అమ్మా" అంది. నిజమే, ఆమె భయమే నాకూ ఉంది. వ్యాసం వ్యాసంలా రాయడం పిల్ల నేర్చుకోవాల్సిందే, అది ఒప్పుకున్నాను. "కానీ కథ కథలా చదివి చూడండి" అని నోటుబుక్కు ఆమె చేతికిచ్చాను. మార్కులు మారలేదు. కానీ శనివారం చివరి పీరియడులో కథను తరగతిలో చదవమందట. మగవాళ్లు బిందెలు పట్టుకుని కొట్లాడుకునే చోట వెనక బెంచీ మగపిల్లలు పగలబడి నవ్వారట.

"నీకు బాధేయలేదా?" అన్నాను.

"అక్కడ నవ్వాలనే రాసినానమ్మా" అంది.

మా పెద్దోడు మొన్న రెండు పొకేమాన్ కార్డులిచ్చి చెల్లెలి దగ్గర వేపచెట్టు కార్డు కొనుక్కున్నాడు. 'తగ్గని కార్డు' విలువ వాడికీ తెలిసొచ్చింది. అవ్వ కార్డు కోసం ఇంకా బేరం నడుస్తోంది, అది ఇవ్వనంటోంది.

అమ్మ కార్డు మీద 40 కొట్టేసి ఉంది. "ఎంత వేయాల?" అని అడిగింది. "ఒంటిగా ఆడొచ్చా?" అన్నాను. "నువ్వు చెప్తే ఆడొచ్చు" అంది. ఆలోచించి చెప్తానన్నాను. బోరింగు దగ్గర మానేసిన రాత మళ్లీ మొదలుపెట్టి ఇదంతా మీకు రాయడం ఆ ఆలోచనలో భాగమే.

మీ ఇంట్లో కూడా మంచం కింద ఒక రేకు పెట్టె, అటక మీద ఒక పాత నోటుబుక్కు ఉండే ఉంటుంది. అది మీ అమ్మాయిదైనా సరే, మీదైనా సరే. ఈ ఆదివారం వంట కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. దాన్ని తీసి దుమ్ము దులిపి ఒకసారి చదవండి. 'దీపం నూనె దండగ' అనే మాట మాత్రం మన నోటి నుంచి రానివ్వకండి. ఏమంటారు?